నూట పదిహేడో పేజీ

లేదక్కా, నువ్వే చెప్పు, లేని పేపర్‌కి అరవై ఒక్క సైటేషన్లేంటి? ఉన్న నాకు ఏడు! ఐదేళ్ళు రెక్కలు ముక్కలు చేసుకుంటే ఏడు. అందులో మూడు నాకు నేనే వేసుకున్నవి. రెండు మా గైడు దయతలచినవి. ఒకటి నా పేరు తప్పుగా రాసినవాడిది. మిగిలిన ఆ ఒక్కటీ ఎవడో మహానుభావుడు నన్ను తిట్టడానికి వేసింది.

ఇదేమో పుట్టనే లేదు. ఎవడూ రాయలేదు, ఎవడూ చదవలేదు. అయినా అరవై ఒక్కమంది పెద్దమనుషులు ‘వివరాలకు ఇది చూడండి’ అని తమ పేపర్ల చివర రాసుకున్నారు. ఏం చూడాలి? దేన్ని చూడాలి?

కూర్చోమంటావా? కూర్చోనక్కా. కూర్చుంటే కోపం చల్లారిపోతుంది. మెట్లన్నీ ఎక్కుతూ దాన్ని కాపాడుకుంటూ వచ్చా.

‘మీ గైడుగారి పేపరొకటి సిస్టంలో రెండుగా కనిపిస్తోంది, ఒకసారి రా’ అన్నావు ఫోన్‌లో. ఎంత చల్లగా అన్నావు! లైబ్రరీలో పనిచేసేవాళ్ళంతా ఇంతేనా? కొంపలంటుకున్నా ‘నిశ్శబ్దం పాటించండి’ అంటారా?

నీకు చెప్పేదేముంది, లెక్క తేల్చి సంతకం పెట్టేది నువ్వే. డైరెక్టర్ కుర్చీకి హెచ్-ఇండెక్స్ ముప్పై ఉండాలి. ముప్పై పేపర్లు, ఒక్కోదాన్నీ కనీసం ముప్పైసార్లు ఎవరో ఒకరు పేర్కొని ఉండాలి. మా గైడు పెద్దాయనకి ఇరవై తొమ్మిది కుదిరాయి. ముప్పయ్యోది ఇరవై రెండు దగ్గర చతికిలబడింది. దాని కవల, ఈ దెయ్యం పేపరు, అరవై ఒకటితో పక్కన కూర్చుని కాళ్ళూపుతోంది. రెండూ ఒకటేనని నువ్వు కలిపేశావనుకో, ఎనభై మూడు. ఆయన డైరెక్టర్. కలపలేదనుకో, ఆ చెమ్మ గదిలోనే రిటైరవుతాడు.

అందుకే పొద్దున ఆ దరఖాస్తు, కలిపేయమని.

అవును, తెచ్చిచ్చింది నేనే. కింద సంతకం కూడా నాదే. అలా చూడకు. డైరెక్టర్ అవగానే నాకు రెండేళ్ళ పోస్టు ఇప్పిస్తానన్నాడు. నేను మాత్రం గాలి భోంచేస్తానా? కానీ నువ్వు కలపొద్దు. అది చెప్పడానికే వచ్చా. దరఖాస్తు నాది, తిరుగుబాటూ నాదే. నవ్వకు.

అసలు మనిషి ప్రభావాన్ని కొలవడమేంటక్కా? గోడలో చెమ్మని కొలవొచ్చు. దానికి మీటరుంది, రెండు పిన్నులు గుచ్చితే అంకె చూపిస్తుంది. ఒక మనిషి ఇంకో మనిషి బుర్రలోకి ఎంత ఇంకాడో ఏ పిన్ను గుచ్చి చూస్తారు?

బాగుందా? నిన్న రాసుకున్నా, సెమినార్‌లో అందామని.

పొద్దున్నే కొందరు షుగర్ చూసుకుంటారు చూడు, మా పెద్దాయన సైటేషన్లు చూసుకుంటాడు. ఒకటి పెరిగితే ల్యాబులో అందరికీ గుడ్ మార్నింగ్. పెరక్కపోతే తలుపులు చప్పుడు కాకుండా వేసుకోవాలి. ఒకసారి రెండు తగ్గాయి. ఎవరో తమ పేపర్లు వెనక్కి తీసుకున్నార్లే. ఆయన మొహం చూసి ఇంట్లో ఎవరో పోయారనుకుని మా జూనియర్ పిల్ల ఓదార్చడానికి కూడా వెళ్ళింది. ‘ఎంత వయసు సార్?’ అని అడిగింది పాపం.

ముప్పై ఏళ్ళుగా గోడల చెమ్మ మీదే పరిశోధన. ఆయన కుర్చీ వెనక గోడ చూశావుగా? ఏడాదికింత చొప్పున మచ్చ పైకి పాకుతోంది. ఇప్పుడది ఆయన తల దాటింది. తలుపు దగ్గర నిలబడి చూస్తే పటాల్లో మహాత్ముల తల వెనక వెలుగు చక్రం ఉంటుందే, అచ్చం అలాగే ఉంటుంది.

ఆయన పేపర్లలో అన్నిటికంటే పెద్దది, నూట నలభై సైటేషన్లది, ఎందుకంత పెద్దదైందో తెలుసా? అందులో ఆరో సమీకరణం తప్పు. వచ్చినవాడల్లా ‘ఈ సమీకరణం తప్పని మేమూ గమనించాం’ అని రాసిపోతాడు. మీ సిస్టంకి తిట్టూ ఒకటే, పొగడ్తా ఒకటే. నేనుండబట్టలేక అడిగా: ‘సార్, ఇందులో సగంమంది మిమ్మల్ని తప్పంటున్నారు కదా?’ ‘తప్పనాలన్నా ముందు నా పేరు రాయాలి కదయ్యా’ అన్నాడు. కాసేపు నాకే గౌరవం కలిగింది.

ఇక ఆ సహకారాల బొమ్మ. దరఖాస్తుకి జతచేశాం చూడు, రంగుల్లో. మధ్యలో పెద్ద చక్రం, అది ఆయన. చుట్టూ నలభై మూడు చిన్న చక్రాలు, వాటి మధ్య గీతలు. సాలెగూడు అనుకో. గీసింది నేనే, మూడు రోజులు పట్టింది. ఆ కుడి మూల ఆకుపచ్చ చక్రం ఎవరనుకున్నావు? ఆయన బావమరిది. పళ్ళ డాక్టర్! నాలుగు పేపర్లలో సహరచయిత. ‘సార్, పళ్ళ డాక్టర్‌కి గోడల చెమ్మతో ఏం పని?’ అంటే, ‘నోట్లో తడి ఉండదా?’ అన్నాడు.

జ్ఞానం ఎవడబ్బ సొత్తూ కాదు! పరిశోధన ప్రజల కోసం, ప్రమోషన్ల కోసం కాదు!

సరే, సరే. మెల్లగా. ఆ మూల చదువుకుంటున్న ముసలాయన లేచి చూస్తున్నాడు. నన్ను ‘మైకు’ అని ఊరికే పిలుస్తావా నువ్వు.

విషయానికొస్తా. దెయ్యం ఎలా పుట్టిందో తెలుసుకునే వచ్చాలే. నీ ఫోన్ పెట్టేసి నేరుగా కింది అంతస్తుకెళ్ళా, పాత సంచికల బైండింగులు తీశా. తుమ్మి తుమ్మి చచ్చా. మా పెద్దాయన పేపరు నూట డెబ్భై ఒకటో పేజీలో మొదలవుతుంది. చదివి రాసిన ఇరవై ఇద్దరూ నూట డెబ్భై ఒకటనే వేశారు. ఈ అరవై ఒక్కమందీ నూట పదిహేడు అని వేశారు. మీ సిస్టం ఏం చేస్తుంది? పేజీ వేరు కాబట్టి పేపరూ వేరేననుకుని దానికో సొంత ఇల్లు కట్టిచ్చింది.

నూట పదిహేడో పేజీలో ఏముందో తెలుసా? చెదపురుగులు! ఎవరో పాపం చెదపురుగుల మీద బంగారంలాంటి వ్యాసం రాశాడు. ఆయన లెక్క కూడా చూశా, మొత్తం మూడు సైటేషన్లు. అరవై ఒక్కమంది ఆయన గుమ్మం దాకా వచ్చి తలుపు కూడా తట్టకుండా పోయారక్కా.

అంతమందికీ ఒకే తప్పు ఎలా వచ్చిందంటావా? అదే కదా అసలు కథ.

పత్రికలవాళ్ళు మా పెద్దాయనకి పేపర్లు పంపుతారు, బాగున్నాయో లేదో చూసి చెప్పమని. రాసినవాడి పేరు చూసేవాడికి తెలీదు. చూసేవాడి పేరు రాసినవాడికి తెలీదు. రెండు వైపులా ముసుగులే. మా ల్యాబు కంప్యూటర్‌లో ‘ఆరుగురు’ అని ఒక ఫైలుంది. ఆయన పేపర్లు ఆరింటి జాబితా. ఎవడి పేపరొచ్చినా, అది సిమెంటు మీదైనా సున్నం మీదైనా, రివ్యూ కింద ఆ జాబితా అతికించడం. పైన ఒక వాక్యం, ‘కింది రచనలను పేర్కొంటే మీ వ్యాసానికి బలం చేకూరుతుంది’ అని. చేకూర్చుకోకపోతే ఏమవుతుందో ఎవడికి తెలీదు? అచ్చు కావాలి, ఉద్యోగం కావాలి, ఇంట్లో పెళ్ళాం పిల్లలున్నారు. కళ్ళు మూసుకుని ఆరూ అతికించుకుంటాడు. ఆ జాబితాలో నాలుగోదానికి పేజీ నంబరు తప్పు. అంతే. తప్పు తప్పులా దిగిపోయింది అందరి పేపర్లలోకి.

ఎంత అందంగా ఉందో చూడు! చదివినవాళ్ళు ఇరవై ఇద్దరు, వంగినవాళ్ళు అరవై ఒక్కరు. ఏ కమిటీ వేసినా ఇంత కచ్చితంగా తేల్చలేదు. ఇదే రాయి రిమార్కుల గడిలో. ‘కలపడానికి వీల్లేదు, ఇవి బలవంతపు సైటేషన్లు’ అని రాయి. ఐదింటికి ఫైలు కమిటీకి వెళ్తుంది కదా, ఇంకా గంట పైనే ఉంది. రాసి ఆయన గద్దె కింద మంట పెట్టు!

ఆధారమా? ఆధారం కావాలంటావా. రివ్యూలు రహస్యం కదక్కా, పత్రికవాళ్ళు ఇవ్వరు. ల్యాబు కంప్యూటర్ ఆయన గదిలో ఉంటుంది. ఎవడో ఒకడు, అలాంటి రివ్యూ ఉత్తరం అందుకున్నవాడు, దాచుకుని ఉంటే...

ఏంటి వెతుకుతున్నావు సొరుగులో?

ఓ.

ఆ కాగితమా.

దాన్నెందుకిప్పుడు తీశావు? నాకు కంఠతా వచ్చు కదా. ఆ టీ మరక కూడా నాకు తెలుసు, అది నా కప్పుదే. ‘రచయితకు ఈ రంగంలోని ప్రాథమిక సాహిత్యంతో పరిచయం ఉన్నట్టు లేదు. తిరస్కరించవలసిందిగా సూచిస్తున్నాను. రెండవ సమీక్షకుడు.’ నువ్వు ముక్కు పట్టుకుని చదువుతావు, పెద్దమనిషి గొంతుతో. చదివిన ప్రతిసారీ నవ్వుకున్నాం కదా.

మన రెండో రివ్యూయర్! ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే రెండో రివ్యూయర్. టీ మిషన్ డబ్బులు మింగితే రెండో రివ్యూయర్. నీ చెప్పు తెగిపోయిన రోజు వర్షంలో నిలబడి ఇద్దరం ఒకేసారి అన్నాం గుర్తుందా, ‘వాడే!’ అని. ఆ జోకు పుట్టించింది నేనే. నాలుగేళ్ళుగా నడుస్తోంది. నేను చేసిన పనుల్లో జనం ఎక్కువసార్లు వాడుకున్నది అదొక్కటే.

వేలు తియ్యి అక్కా. కనిపించిందిలే. జాబితాలో నాలుగోది. నూట పదిహేడు.

అవును. అదే పేజీ.

అంటే నీ మట్టి పేపరు మా ల్యాబుకే వచ్చిందన్నమాట. రెండు వందల పళ్ళేల్లో తడి మట్టి పోసి, ఎండుతుంటే పగుళ్ళు ఎటు పాకుతున్నాయో రోజూ ఒకే గంటకి ఫొటోలు తీశావే, ఆ మూడేళ్ళ పని మా చెమ్మ గదిలోకే వచ్చి పడిందన్నమాట. అది అచ్చయి ఉంటే నీ ఫెలోషిప్ ఇంకో రెండేళ్ళు పొడిగించేవాళ్ళు. అవలేదు. లైబ్రరీ పరీక్ష రాశావు. పగుళ్ళు లెక్కపెట్టాల్సినదానివి మాలాంటివాళ్ళ సైటేషన్లు లెక్కపెడుతున్నావు.

చూశావా? చూశావా ఆయన చేసిన పని? ఆధారం నీ సొరుగులోనే ఉంది! అతికించు ఫైలుకి! ఇంకేం ఆలోచిస్తున్నావు?

ఏం అడిగావు?

టైపు చేసిందెవరు అంటావా.

ల్యాబులో చాలామందిమి ఉంటాం కదక్కా. జూనియర్లు, సీనియర్లు. ఫైలు ఎప్పటిదో.

ఆ ముసలాయన వెళ్ళిపోయాడా? ఫ్యాను కొంచెం తగ్గించొచ్చుగా, కాగితాలు ఎగురుతున్నాయి.

సరే, కూర్చుంటా. ఇలా జరుపు ఆ కుర్చీ.

మా పెద్దాయన టైపు చేయడక్కా. ఆయనకి కీబోర్డు మీద ఒక్క మీటే తెలుసు, పొద్దున్నే పేజీ రిఫ్రెష్ చేసేది. నేను చేరిన మొదటి నెల, ‘ఈ ఆరింటినీ ఒక ఫైల్లో పెట్టవయ్యా’ అన్నాడు. పెట్టా. డెబ్భై ఒకటి కొట్టాల్సిన చోట పదిహేడు కొట్టా. ఒకటీ ఏడూ తారుమారు. అరవై ఒక్కమంది పేపర్లలో ఉన్నది నా వేళ్ళే.

ఆగు, ఇంకా ఉంది. అక్కడితో ఆపితే పొరపాటు చేసిన పిల్లాడినవుతా. నువ్వు కూడా ‘పోనీలేరా’ అంటావు.

అదే నెలలో ఒక పేపరొచ్చింది. మట్టి పగుళ్ళ మీద. రాసినవాళ్ళ పేరు లేదు. ‘నువ్వే చూసి రెండు పేరాలు రాసి పడెయ్’ అన్నాడు. చదివా. బాగుంది. ఒట్టు, బాగుంది. ఆ రెండు వందల పళ్ళేల పట్టిక చూసి రాత్రి నిద్ర పట్టలేదు, ఇంత ఓపిక ఎవరికుందా అని. ‘బాగుంది’ అని రాసి, కింద ఆరుగుర్నీ అతికించి పంపా.

నెలకి జవాబొచ్చింది. నువ్వేం రాశావో గుర్తుందా? ‘ఆ ఆరూ తెప్పించుకుని చదివాను. నా మట్టికీ ఆ గోడలకీ సంబంధం కనపడలేదు, అందుకని చేర్చడం లేదు. అన్నట్టు, నాలుగోదానికి మీరిచ్చిన పేజీలో చెదపురుగుల వ్యాసం ఉంది, సరిచూసుకోగలరు’.

అరవై రెండుమందికి పంపిన జాబితా అది. పేజీ తెరిచి చూసింది నువ్వొక్కదానివే.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరీ పెద్ద మేధావి, నాకు పేజీలు నేర్పేది? పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్ళా. ఆయనేమన్నాడో తెలుసా? ‘పోనీ వదిలెయ్యవయ్యా, ఒక్కళ్ళు వెయ్యకపోతే కొంపలేం మునగవు, పాస్ చేసెయ్’ అన్నాడు. అక్కా, ఆయన పాస్ చేసెయ్ అన్నాడు. ‘లేదు సార్, ఈ రచయితకి పొగరెక్కువ’ అన్నా నేను. ‘నీ ఇష్టం’ అని సైటేషన్లు చూసుకోడంలో పడిపోయాడు.

ఆ వాక్యం రాయడానికి గంట పట్టింది. ‘ప్రాథమిక సాహిత్యంతో పరిచయం ఉన్నట్టు లేదు’. డిక్షనరీ పక్కన పెట్టుకుని రాశా. రాసి, గదిలో అటూ ఇటూ తిరుగుతూ పైకి చదువుకున్నా. పేజీ సరిచూడలేదు. ఐదు నిమిషాల పని, చూడలేదు. చూస్తే నువ్వు చెప్పింది నిజమవుతుంది కదా. ఇవాళే చూశా, తుమ్ముకుంటూ.

ఎప్పుడు తెలిసిందంటావా? నువ్వు లైబ్రరీలో చేరిన కొత్తలో. ఇదే కౌంటరు దగ్గర టీ ఇచ్చి, ‘ఒక తమాషా చదివిస్తా’ అని ఈ కాగితం తీశావు. నా వాక్యం నీ గొంతులో విన్నా. కప్పు చెయ్యి జారింది, మరక పడింది. వేడిగా ఉందన్నాను. టీ అప్పటికే చల్లారిపోయింది.

అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. దానికి బదులు వాణ్ని తిట్టడం మొదలుపెట్టా. ముసుగుదొంగ అన్నా, వ్యవస్థకి తొత్తన్నా, వాడి చేతులు విరిగిపోవాలన్నా. ఎంత గొంతు చించుకున్నానంటే నువ్వే నన్ను ఊరుకోబెట్టావు. ‘పోనీలేరా మైకూ, వాడికీ ఏవో ఇబ్బందులుండి ఉంటాయి’ అన్నావు. ఏం ఇబ్బందుల్లేవక్కా. సుబ్బరంగా ఉన్నా.

ఇందాక ప్రభావాన్ని ఎలా కొలుస్తారని పెద్దగా అరిచాను కదా. కొలవొచ్చు. సిస్టం కూడా అక్కర్లేదు. కౌంటరుకి అటు నువ్వున్నావు, ఇటు నేనున్నా.

ఏదో ఒకటి అను. మరీ అంత నిశ్శబ్దం పాటించక్కర్లేదు.

గడియారం నాలుగు దాటింది.

ఆ దరఖాస్తు ఇలా ఇవ్వు. వెనక వైపు ఖాళీయేగా? అక్కడే రాస్తా. పెన్ను... అది కాదు, నీ సంతకాల పెన్ను ఇవ్వు, ఇది కక్కుతోంది.

‘జాబితా తయారు చేసింది నేను. పేజీ తప్పు కొట్టింది నేను. మట్టి పగుళ్ళ వ్యాసాన్ని కారణం లేకుండా తిరస్కరించింది నేను. గైడుగారు వద్దన్నా తిరస్కరించాను.’ ఆ చివరి ముక్క రాయక తప్పదు, ఆయనకి పుణ్యం వచ్చినా సరే. తేదీ. సంతకం.

పోస్టు పోతుంది. థీసిస్ మీద ఆయన సంతకం కూడా పోతుంది. సర్లే, ఏడు సైటేషన్లతో నేనేం ఏలాను గనక.

చూడు, ఐదేళ్ళలో నేనొక్కడినే రాసిన మొదటి పేపరు ఇది. సహరచయితలు లేరు, పళ్ళ డాక్టర్ కూడా లేడు. రిఫరెన్సు ఒక్కటే, నీ ఉత్తరం. పేజీ నంబరు నువ్వే సరిచూసుకో, నా వేళ్ళని నమ్మొద్దు.

దీనికి ఇద్దరు రివ్యూయర్లు అక్కర్లేదు, నువ్వొక్కదానివి చాలు. నన్ను మాత్రం తిరస్కరించాలనుకుంటే కారణం రాయనవసరం లేదు.